అటకపై కందిరీగల తుట్టె: గుర్తింపు, నిర్ణయం, సురక్షిత యాజమాన్యం

అటక మీద కందిరీగలు తుట్టె పెట్టాయని కృషి విజ్ఞాన కేంద్రానికో, ఏరువాక కేంద్రానికో ఫోను చేసే రైతు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: “ఏ మందు కొట్టమంటారు?” పైరులోని పురుగు గురించి ఇదే ప్రశ్న వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు వెంటనే మందు పేరు చెప్పరు. అది ఏ పురుగు, ఏ దశలో ఉంది, ఉధృతి ఎంత, పొలంలో మిత్ర పురుగులు ఉన్నాయా అని విచారించిన తరువాతే సలహా ఇస్తారు. ఇంటిలోని తుట్టె దగ్గరకు వచ్చేసరికి ఈ క్రమం మరుగున పడుతోంది. మిగిలిపోయిన పురుగుమందునో, కిరోసిన్ గుడ్డనో పట్టుకొని నిచ్చెన ఎక్కడం పరిపాటి అయింది. విషప్రభావం, అగ్నిప్రమాదం, నిచ్చెన మీది నుండి పడడం వంటి ముప్పులు కందిరీగ కాటుకు తోడు కావడానికి ఈ తొందరపాటే ప్రధాన కారణం.

పురుగు కనిపించిన ప్రతిసారీ మందు అవసరం లేదనీ, నష్టం ఒక పరిమితిని దాటినప్పుడే నియంత్రణ చేపట్టాలనీ 1959లో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హాగెన్ అనే శాస్త్రవేత్తలు తమ సమగ్ర నియంత్రణ భావనలో ప్రతిపాదించారు. నేడు మనం బోధిస్తున్న సమగ్ర సస్యరక్షణకు అది పునాది. అదే క్రమశిక్షణను అటకపై తుట్టెకు ఎలా అన్వయించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

అటకనే ఎందుకు ఎంచుకుంటాయి?

పెంకుటిళ్ళలో దూలాల మీద పలకలు పరచి కట్టిన అటక, డాబా ఇళ్ళలో తలుపు ఎత్తుకు పైన పోసిన అటక, రెండూ కందిరీగలకు అనుకూలమైనవే. వాన, ఎండ, గాలి అక్కడికి చేరవు. పక్షుల బెడద తక్కువ. మనిషి నెలల తరబడి అటు చూడడు. పెంకుల సందులు, గోడ పైఅంచున ఉండే ఖాళీలు, గాలి కోసం వదిలిన రంధ్రాలు రాకపోకలకు సరిపోతాయి. పాత దూలాలు, వాసాలు గూటికి ముడిసరుకును కూడా సమకూరుస్తాయి. కందిరీగ కొయ్య పైపొరను గీకి, ఆ పీచును లాలాజలంతో నమిలి, పలుచని కాగితం వంటి పదార్థంగా మార్చి ఆరు కోణాల గదులు కడుతుంది. కొయ్య నుండి కాగితం చేయవచ్చన్న ఆలోచనను ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్ 1719లో ప్రకటించినది ఈ నిర్మాణాన్ని గమనించిన మీదటనే.

గుర్తింపు: మొదటి మెట్టు

అటకపై కనిపించే గూళ్ళు నాలుగు రకాలుగా ఉంటాయి. నాలుగింటికీ అవలంబించవలసిన పద్ధతులు వేరు వేరు.

మట్టి గూళ్ళు: దూలానికో, గోడ మూలకో అతికించిన మట్టి ముద్దలు, గొట్టాలు, చిన్న కుండల ఆకారాలు ఇవి. వీటిని కట్టేవి ఒంటరి కందిరీగలు. మద్రాసు పేరును తన శాస్త్రీయ నామంలో నిలుపుకొన్న సెలిఫ్రాన్ మద్రాస్పటానమ్ సాలీళ్ళను వేటాడి గూటిలో నింపుతుంది. కుండ ఆకారపు గూళ్ళు కట్టే జాతులు గొంగళి పురుగులను తెచ్చి పెడతాయి. తల్లి కందిరీగ ఆ పురుగును కొండితో కుట్టి, చంపకుండా చచ్చుపడేటట్లు చేసి, దానితోపాటు గుడ్డు పెట్టి గూటిని మూసివేస్తుంది. లోపలికి పురుగు వెళ్ళడం, కొన్నాళ్ళకు కందిరీగ బయటికి రావడం చూసిన మన పూర్వులు, పురుగే ధ్యానబలంతో భ్రమరంగా మారిందని భావించి భ్రమర కీటక న్యాయాన్ని చెప్పారు. వారి పరిశీలన నిశితమైనదే. గూటి లోపలి గుడ్డు మాత్రం కంటికి కనిపించలేదు. ఈ కందిరీగలకు కాపాడుకోవలసిన పెద్ద కుటుంబం లేదు. చేతితో పట్టుకొని నలిపితే తప్ప ఇవి సాధారణంగా కుట్టవు.

తెరచిన కాగితపు తుట్టె: సన్నని కాడతో దూలానికి వేలాడే ఒకే వరుస తుట్టె ఇది. పైన కవచం ఉండదు కనుక గదులు, వాటిపై కూర్చున్న కందిరీగలు స్పష్టంగా కనిపిస్తాయి. రొపాలిడియా, పోలిస్టిస్ ప్రజాతులకు చెందిన కందిరీగలు ఇలా కడతాయి. దక్షిణ భారతంలో సాధారణంగా కనిపించే రొపాలిడియా మార్జినేటా సంఘజీవనాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఈ జాతిలో రాణికి, శ్రామికులకు ఆకారంలో తేడా ఉండదు. రాణి మరణిస్తే శ్రామికులలో ఒకటి ఆ స్థానాన్ని తీసుకుంటుంది. కనుక రాణిని చంపితే తుట్టె దానంతట అదే ఖాళీ అవుతుందన్న నమ్మకం ఈ జాతికి వర్తించదు.

కవచం గల పెద్ద గూడు: బూడిద లేదా గోధుమ రంగు చారలు గల కాగితపు కవచంతో, గుమ్మడికాయ పరిమాణం వరకు, కొన్నిసార్లు అంతకు మించి పెరిగే గూడు ఇది. లోపల పలు అంతస్తుల తుట్టెలు ఉంటాయి. వెస్పా ప్రజాతికి చెందిన పెద్ద కందిరీగలు వీటిని కడతాయి. నల్లని శరీరం, పొట్టపై వెడల్పైన పసుపు పట్టీ గల వెస్పా ట్రాపికా, ఎరుపు కలిసిన గోధుమ రంగు గల వెస్పా ఒరియెంటాలిస్ చీకటి ఖాళీలను కూడా ఆశ్రయిస్తాయి. చోటు ఇరుకైనప్పుడు కవచం అసంపూర్తిగా ఉండవచ్చు. కాబట్టి గూటితోపాటు పురుగు పరిమాణాన్ని కూడా చూడాలి. ప్రాణాపాయానికి అవకాశం ఎక్కువగా ఉండేది ఈ రకంతోనే.

తేనెపట్టు: ఇది మైనంతో కట్టినది, కాగితం కాదు. పుట్ట తేనెటీగలు చీకటి అటకలలో సమాంతరంగా అనేక పట్లు పెడతాయి. వీటిని మందుతో చంపడం తగదు. తేనెటీగల పెంపకందారుల సహాయంతో పెట్టెలోకి మార్చవచ్చు.

గుర్తింపునకు అటక ఎక్కవలసిన అవసరం లేదు. పగటి వెలుతురులో, ఇంటి బయట తగినంత దూరంలో నిలబడి పదిహేను నిమిషాల పాటు రాకపోకలను గమనించాలి. ఏ సందు నుండి వస్తున్నాయి, నిమిషానికి ఎన్ని తిరుగుతున్నాయి, పురుగు పరిమాణం, రంగు ఏమిటి అన్నవి నమోదు చేసుకోవాలి. సెల్‌ఫోనులో దూరం నుండి తీసిన చిత్రం శాస్త్రవేత్తకు పంపితే జాతిని గుర్తించడం సులువవుతుంది.

మిత్రుడా, శత్రువా?

కందిరీగ పిల్ల పురుగులకు మాంసాహారం కావాలి. ప్రౌఢ కందిరీగలు గొంగళి పురుగులను వేటాడి, నమిలి ముద్ద చేసి వాటికి తినిపిస్తాయి. తాము మాత్రం మకరందం, పండ్ల రసం వంటి ద్రవాహారంతో జీవిస్తాయి. అందువలన కూరగాయల మడులు, పత్తి, అపరాల చేలకు దగ్గరగా ఉన్న తుట్టె లద్దె పురుగులను, కాయతొలుచు పురుగులను ఏరివేసే పరభక్షుల నివాసం కూడా అవుతుంది. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో 1950, 1960 దశకాలలో పొగాకు పైరుపై లార్వాలను అదుపు చేయడానికి పోలిస్టిస్ కందిరీగలు గూడు పెట్టుకునేలా పొలాల వద్ద చెక్క పెట్టెలను అమర్చి పరిశోధనలు చేశారు.

దీనికి మరో పక్షం ఉంది. పెద్ద కందిరీగలు తేనెటీగల పెట్టెలపై దాడి చేస్తాయి. దసలి పట్టు పురుగులను ఎత్తుకుపోతాయి. బెల్లం, మామిడి తాండ్ర, కల్లు, మిఠాయిలపై గుంపులుగా వాలుతాయి. వెస్పా ట్రాపికా చిన్న కందిరీగల తుట్టెలను సైతం దోచి వాటి పిల్లలను తింటుంది. కనుక కందిరీగలన్నీ మిత్రులని గాని, శత్రువులని గాని ఒకే మాటతో తేల్చడం సరికాదు. జాతిని, స్థలాన్ని బట్టి నిర్ణయం మారాలి.

నిర్ణయం: ఇంటికి వర్తించే నష్ట పరిమితి

పైరులో మొక్కకు ఇన్ని పురుగులు అని పరిమితి చెబుతాము. ఇంటిలో అటువంటి సంఖ్య పనిచేయదు. ఇక్కడ చూడవలసినవి నాలుగు అంశాలు: జాతి, తుట్టెకు మనుషుల రాకపోకలకు మధ్య దూరం, ఆ ఇంటిలో ఉన్నవారి పరిస్థితి, అటక వాడకం.

మట్టి గూడు అయితే ఏ చర్యా అవసరం లేదు. ఖాళీ అయిన తరువాత గీకివేస్తే చాలు. తెరచిన చిన్న తుట్టె ఎవరూ ఎక్కని అటకపై, బయటి సందు నుండే రాకపోకలు సాగిస్తుంటే దానిని వదిలివేయవచ్చు. అదే తుట్టె అటక తలుపు పక్కనో, పడకగదిలోకి తెరచుకొనే సందు వద్దనో ఉంటే తొలగించాలి. కవచం గల పెద్ద గూడు జనావాసంలో ఉంటే తొలగింపే మార్గం. అయితే ఆ పని ఇంటివారు చేయరాదు. ఇంటిలో గతంలో కాటు వలన ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చినవారు ఉన్నట్లయితే ఎంత చిన్న తుట్టెనైనా ఉపేక్షించరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చలికాలం వరకు ఆగితే కందిరీగలు వాటంతట అవే చనిపోతాయన్న సలహా ఐరోపా, అమెరికా వంటి శీతల ప్రాంతాలకు చెందినది. అక్కడ కుటుంబం ఏటా అంతరించి, కొత్త రాణులు మాత్రమే చలికాలాన్ని దాటుతాయి. దక్షిణ భారతంలో రొపాలిడియా మార్జినేటా ఏడాది పొడవునా తుట్టెలు పెడుతుంది. ఒక తుట్టె ఎప్పుడు ముగుస్తుందో ఋతువును బట్టి చెప్పలేము. కాబట్టి తొలగించవలసిన తుట్టెను సంక్రాంతి వరకు వాయిదా వేయడం వలన ప్రయోజనం లేదు. పిడికెడు పరిమాణంలో ఉన్నప్పుడే తొలగించడం అన్ని విధాలా శ్రేయస్కరం.

అటకలో అదనపు ప్రమాదం

చెట్టు మీది తుట్టెకు, అటకపై తుట్టెకు మౌలికమైన తేడా ఒకటి ఉంది. చెట్టు కింద మనిషి ఏ దిక్కుకైనా పరుగెత్తగలడు. అటకలో నిలబడే ఎత్తు ఉండదు, బయటపడే దారి ఒక్కటే, ఆ దారి కూడా నిచ్చెనే. కందిరీగ ముఖం మీద వాలగానే చేయి విసరడం మనిషి స్వభావం. నిచ్చెనపై ఉన్నవారికి ఆ ఒక్క కదలిక చాలు, పడిపోవడానికి. దీనికి తోడు పుచ్చిన పలకలు, బరువు మోయలేని పెంకులు, విద్యుత్తు తీగలు ఉంటాయి. ఈ కారణంగా నేల మీద నిలబడి, పొడవైన కర్రతోనో, గొట్టం గల పిచికారీతోనో చేరుకోలేని తుట్టెను ఇంటివారు ముట్టుకోరాదన్నది మొదటి నియమంగా పాటించాలి.

తొలగింపు పద్ధతి

కొద్ది గదులతో, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కందిరీగలతో ఉన్న తెరచిన తుట్టెను మాత్రమే ఇంటివారు కింది క్రమంలో తొలగించవచ్చు.

• చీకటిపడి, తిరుగాడే కందిరీగలన్నీ తుట్టెకు చేరిన తరువాత పని మొదలుపెట్టాలి. పగలు చేస్తే మేతకు వెళ్ళినవి తిరిగి వచ్చి ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి.

• పిల్లలు, వృద్ధులు, పశువులను దూరంగా పంపాలి. అటకపై ఉన్న ధాన్యం, విత్తనాలు, చింతపండు, వంటపాత్రలను తుట్టెను కదల్చకుండా తీయగలిగితే ముందే తీయాలి. తీయడం సాధ్యం కాకపోతే ఆ తుట్టెపై మందు వాడరాదు.

• మందమైన నిండు చేతుల చొక్కా, మేజోళ్ళలోకి దోపిన ప్యాంటు, తోలు చేతి తొడుగులు, తేనెటీగల పెంపకందారులు వాడే వల ముసుగు ధరించాలి. పలుచని చీర, లుంగీ, తువ్వాలు రక్షణ ఇవ్వవు.

• ఇంటి దీపాలు ఆర్పి, ఎర్రని కాగితం చుట్టిన టార్చిని వాడాలి. కందిరీగలకు ఎరుపు కాంతి సరిగా కనిపించదు. తెల్లని దీపం చేతిలో ఉంటే అవి దానివైపే వస్తాయి.

• పాత్రలు తోమే ద్రవ సబ్బు కలిపిన నీటిని ధారగా తుట్టెపై పడేటట్లు పిచికారీ చేయాలి. సబ్బు నీరు శరీరంపై మైనపు పొరను తడిపి శ్వాసరంధ్రాలను మూసివేయడం వలన కందిరీగలు ఎగరలేక చనిపోతాయి. నీరు వాడుతున్నందున ముందుగా విద్యుత్తు ప్రధాన స్విచ్చిని ఆపివేయాలి.

• మరునాడు ఉదయం కదలిక లేదని నిర్ధారించుకొన్న తరువాత తుట్టెను కాడతో సహా రాల్చి, లోతుగా పాతిపెట్టాలి. కుళ్ళిన పిల్ల పురుగులు చీమలను, ఇతర కీటకాలను ఆకర్షిస్తాయి కనుక చచ్చిన తుట్టెను అటకపైనే వదలరాదు.

కవచం గల గూటికి, గోడ లేదా కప్పు లోపల దాగిన గూటికి లైసెన్సు గల కీటక నియంత్రణ సంస్థ సిబ్బందినే పిలవాలి. వారు పూర్తి రక్షణ దుస్తులతో, గృహోపయోగానికి నమోదైన పైరిత్రాయిడ్ మందును ప్రవేశ రంధ్రంలోకి పంపుతారు. మందు వాడిన తుట్టెను కోళ్ళకు వేయరాదన్న విషయాన్ని గ్రామాలలో ప్రత్యేకించి చెప్పాలి.

చేయకూడనివి

పొలానికి తెచ్చిన పురుగుమందును ఇంటిలో వాడరాదు. గాలి ఆడని అటకలో దాని ఆవిరి పేరుకొని కింద నిద్రించేవారికి చేరుతుంది. నిల్వ ధాన్యం కలుషితమవుతుంది. ఒకప్పుడు ఇళ్ళలో విరివిగా వాడిన డైక్లోర్‌వాస్‌ను భారత ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుండి నిషేధించింది. పాత సీసా మిగిలి ఉన్నా దానిని వాడడం నేరమూ, ప్రమాదమూ.

మంట పెట్టరాదు. తుట్టె కాగితం, దాని పైనున్నది కొయ్య. కిరోసిన్, పెట్రోలు చల్లి కాగడా చూపడం వలన కందిరీగల కంటే ముందు కప్పు అంటుకుంటుంది.

కందిరీగలు లోపల ఉండగా ప్రవేశ రంధ్రాన్ని మూయరాదు. బయటికి దారి లేని కందిరీగలు మరో సందును వెదుక్కుంటూ, చాలా సార్లు దీపపు వెలుగును అనుసరించి, గదిలోకి దిగుతాయి.

తుట్టెకు దగ్గరలో కందిరీగను నలపరాదు. పెద్ద కందిరీగల విషంలో హెచ్చరిక సంకేతంగా పనిచేసే రసాయనాలు ఉంటాయి. వాటి వాసనకు మిగిలినవి ఒక్కసారిగా దాడికి దిగుతాయి. తుట్టెను కదిపినట్లయిందన్న మన నానుడికి శాస్త్రీయ ఆధారం ఇదే.

కాటు పడినప్పుడు

కుట్టేవి ఆడ కందిరీగలు మాత్రమే. గుడ్లు పెట్టే అవయవమే వాటిలో కొండిగా రూపాంతరం చెందింది. తేనెటీగ కొండి చర్మంలో ఉండిపోతుంది. కందిరీగ కొండి సాధారణంగా అలా చిక్కుకోదు కనుక అది మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. కాబట్టి మొదటి చికిత్స ఆ చోటు విడిచి వెళ్ళడమే. ఉంగరాలు, గాజులు వెంటనే తీసి, కాటును సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టాలి. ఒకటి రెండు కాట్లకు చాలామందిలో నొప్పి, వాపు తప్ప మరే ఇబ్బందీ ఉండదు.

రెండు పరిస్థితులు ప్రాణాంతకమైనవి. మొదటిది తీవ్రమైన అలెర్జీ. ఇందులో ఒక్క కాటు చాలు. నిమిషాలలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, గొంతు బిగిసినట్లుండడం, పిల్లికూతలు, వాంతులు, కళ్ళు తిరగడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. దీనికి ప్రాణరక్షక ఔషధం తొడ కండరంలోకి ఇచ్చే ఎడ్రినలిన్ సూదిమందు. అలెర్జీ మాత్రలు దానికి ప్రత్యామ్నాయం కావు. వెంటనే 108కి ఫోను చేయాలి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచాలి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి. అకస్మాత్తుగా నిలబెట్టడం, నడిపించడం చేయరాదు.

రెండవది అనేక కాట్లు. అలెర్జీ లేనివారిలో కూడా విషం మోతాదు పెరిగి కండరాలు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. వాటి నుండి విడుదలైన పదార్థాల భారంతో మూత్రపిండాలు విఫలమవుతాయి. 2013లో చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో పెద్ద కందిరీగల దాడులలో 40 మందికి పైగా మరణించారు. ఈ స్థితిలో రోగి మొదటి రోజు బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. మూత్రం తగ్గినా, ఎర్రగా లేక ముదురు గోధుమ రంగులో వచ్చినా అది అత్యవసర పరిస్థితి. కనుక పది, పదిహేను కాట్లు పడినవారిని, పిల్లలైతే అంతకంటే తక్కువ కాట్లకే, నొప్పి తగ్గినా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి. నోటిలో, గొంతులో కాటు పడినా అంతే.

సున్నం రాయడం, ఇనుప ముక్కతో రుద్దడం గ్రామాలలో వాడుక. కంటి వద్ద, నోటి వద్ద సున్నం గాయం చేస్తుంది. మిగిలిన చోట్ల వీటి వలన జరిగే అసలు నష్టం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం.

పునరావృతం కాకుండా

తుట్టె తొలగించిన తరువాత అటక పూర్తిగా ఖాళీ అయిందని పగటిపూట రెండు రోజులు పరిశీలించి, అప్పుడే సందులను సున్నపు గచ్చుతోనో, సిమెంటుతోనో మూయాలి. గాలి రంధ్రాలను మూసివేయరాదు. వాటికి సన్నకన్నుల ఇనుప వల బిగించాలి. బెల్లం, తాండ్ర వంటి తీపి పదార్థాలను మూత బిగుతైన డబ్బాలలో ఉంచాలి. నెలకు ఒకసారి కింది నుండే టార్చితో దూలాలను పరిశీలిస్తే నాలుగైదు గదుల దశలోనే తుట్టె కనిపిస్తుంది. ఆ దశలో రాత్రివేళ సబ్బు నీటితో, నేల మీద నిలబడే పని ముగించవచ్చు.

విస్తరణ సిబ్బందికి

తుట్టె గురించి ఫోను వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఐదు: గూడు మట్టిదా, కాగితమా, మైనమా? కవచం ఉందా? తుట్టె పరిమాణం ఎంత? మనుషులు నడిచే దారికి ఎంత దూరం? ఇంటిలో ఎవరికైనా కాటు పడి గతంలో ఆయాసం వచ్చిందా? ఈ ఐదింటికి సమాధానాలు తెలిస్తే వదిలివేయాలా, ఇంటివారే తొలగించాలా, నిపుణులను పిలవాలా అన్నది చాలావరకు తేలుతుంది. విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో ఉన్నప్పుడు తాము బస చేసిన గ్రామంలోని తుట్టెలను రకాల వారీగా నమోదు చేయడం, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎడ్రినలిన్ అందుబాటును తెలుసుకొని గ్రామస్థులకు తెలియజేయడం ఉపయోగకరమైన అభ్యాసం. రైతు “ఏ మందు?” అని అడిగినప్పుడు “ముందు ఫొటో పంపండి, అటక ఎక్కకండి” అన్నదే మన మొదటి సమాధానం కావాలి.